అత్తమ్మ కోసం నాష్‌పాతి

మా అత్తమ్మ నవ్వు మామూలు నవ్వు కాదు. అమీర్‌పేటలో మేముండేది నాలుగో అంతస్తు. కింద ఆటోల హారన్లు, కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లల గోల, వాటి మీదుగా మెట్రో రైలు చప్పుడు. వీటన్నిటినీ తోసుకుని ఆమె నవ్వు వీధిలోకి దిగేది. పెళ్లయిన కొత్తలో అది వింటే నాకు ఒళ్లు మండేది. మా పుట్టిల్లు తెనాలి దగ్గర. ఆడవాళ్ల నవ్వు పక్క గదిలోకి వినిపిస్తే మా అమ్మ దగ్గేది, తగ్గించమని. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నాకు ఆ నవ్వు లేకపోతే ఇల్లు ఎంత బోసిపోతుందో, అత్తమ్మ పళ్లన్నీ తీయించుకున్నాక గాని తెలిసిరాలేదు.

పంజాగుట్టలో ఒక పళ్ల డాక్టరమ్మ విడతలు విడతలుగా తీసేసింది. చిగుళ్లు మానాయి, నొప్పి పోయింది. కట్టుడు పళ్లు పెట్టాలంటే మాత్రం దవడ సర్దుకోవాలి, కొన్ని నెలలు ఆగమంది. ఆ ఆగడమే మా పీకల మీదికి వచ్చింది. ఒకరోజు భోజనాల దగ్గర అత్తమ్మ పెదవుల మధ్య నుంచి మెతుకులు జారి చీర మీద పడ్డాయి. మా ఆయన చూడనట్టు టీవీ వైపు తిరిగాడు. నేను అంతకన్నా తెలివైనదాన్ని కదా, గబుక్కున గుడ్డ తెచ్చి తుడిచాను. మర్నాటి నుంచి ఆమె కంచం తన గదిలోకి తెప్పించుకుంది. తలుపు దగ్గరగా వేసుకుని, గోడ వైపు తిరిగి తినేది. మాట్లాడాల్సి వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇక నవ్వు సంగతి చెప్పక్కర్లేదు.

"అత్తమ్మా, బయటికొచ్చి తినండి. మేమేమన్నా పరాయివాళ్లమా ఏంటి?" అన్నాను ఒకసారి, కాస్త గట్టిగానే.

"నన్ను జర ఇడిసిపెట్టు పిల్లా. చూసేటోల్లకు మంచిగుండది" అంది కొంగు చాటునుంచి.

నేను జాకెట్లు కుట్టేదాన్ని. మెట్రో స్టేషన్ వెనక సందులో చిన్న షాపు నాది. మనిషి చిక్కితే నాకు టేపు పెట్టి చూడాల్సిన పని లేదు. అత్తమ్మ భుజాల మీద జాకెట్ జారిపోతోంది. రెండు పక్కలా కుట్లు లోపలికి వేసి ఇస్తే, వారం తిరక్కుండానే మళ్లీ వదులైంది. జావ పోస్తే సగం వదిలేసేది. పప్పు మెత్తగా మెదిపి పెడితే "ఇది పసిపోరగాల్ల తిండి" అని కంచం జరిపేది. నాకు కోపమూ వచ్చేది, ఆ కోపం వెనకాల భయమూ వేసేది. ఇలాగే అయితే ఈ మనిషి గదిలోనే కరిగిపోతుందేమో అనిపించేది.

అలాంటి రోజుల్లో మా షాపుకు వచ్చే ఒక బంజారా హిల్స్ మేడమ్ పండక్కి బుట్ట పంపింది. జీడిపప్పు, చాక్లెట్లు, వాటి మధ్య ఒక పొట్టి సీసా. షర్బత్ అనుకుని మూత తీసి వాసన చూశాను. ముందు నారింజ వాసన వచ్చింది, దాని వెనకాలే అసలు సంగతి వచ్చింది. గబుక్కున మూత బిగించాను. మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ పకపకా నవ్వి, "అది లిక్యూర్ అమ్మా, తియ్యటి మందు. గ్లాసులు గ్లాసులు తాగడానికి కాదు, స్వీట్లలో వేసుకోవడానికి. నాష్‌పాతీలు చక్కెర నీళ్లలో ఉడికించి ఇది కొంచెం కలుపు. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది, నమలక్కర్లేదు" అంది.

మిగతావి సరిగా విన్నానో లేదో గాని, నమలక్కర్లేదు అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

సీసాను చింతపండు జాడీ వెనక దాచాను. మా పుట్టింట్లో మందు అన్న మాట కూడా గొంతు తగ్గించి అనేవాళ్లు. అత్తవారిది నేతపని చేసుకున్న కుటుంబం, సిరిసిల్ల వైపు. అక్కడ దావత్ అంటే ఆడా మగా కలిసి కూర్చుని కల్లు తాగుతారు, ఎవరూ ఎవరికీ సిగ్గుపడరు. కొత్త కోడలిగా మొదటిసారి అది చూసి నేను తలుపేసుకుని కూర్చుంటే, అత్తమ్మ బయటినుంచి "రావే, నీకు గోలీ సోడా తెప్పించిన" అని పిలిచింది. అవన్నీ తెలిసి కూడా సీసా దాచాను. అలవాటు అంత తొందరగా వదలదు మరి.

మర్నాడు పంజాగుట్ట చౌరస్తా దగ్గర బండి మీద నాష్‌పాతీలు, అవే మా వైపు బేరికాయలు, కొన్నాను. బండి భాయ్ మెత్తగా పండినవి ఏరుతుంటే, "వండడానికి, కొంచెం గట్టివి ఇవ్వండి" అన్నాను. "నాష్‌పాతి వండుతరా అక్కా? కూర చేస్తరా ఏంది?" అని నన్ను ఎగాదిగా చూశాడు. అయినా గట్టివే ఏరి ఇచ్చాడు.

తొక్క తీసి, సగానికి కోసి, గింజల భాగం చెంచాతో తోడేశాను. గిన్నెలో నీళ్లు, చక్కెర, చిన్న దాల్చినచెక్క ముక్క. ఇక్కడి దాకా బాగానే ఉంది. ఆ తర్వాత నా చెయ్యి నా మాట వినలేదు. అరిసెలు, మైసూర్‌పాకులు చేసి చేసి, పొయ్యి మీద చక్కెర నీళ్లు కనిపిస్తే చాలు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసి తీగ సాగుతుందా లేదా అని చూడటం అలవాటైపోయింది. తీగపాకం వచ్చేదాకా మరిగించాను, అందులో నాష్‌పాతి ముక్కలు వేశాను. కాసేపటికి చూస్తే ముక్కల్లో నీరంతా పాకంలోకి దిగి, అవి ముడుచుకుని గట్టిపడ్డాయి. మందు కలిపే ధైర్యం చాలక అలాగే గిన్నెలో పెట్టి అత్తమ్మ గదిలో ఇచ్చి వచ్చాను.

గిన్నె తిరిగి వచ్చింది. పాకం చుక్క లేకుండా జుర్రేసింది. ముక్కలు మాత్రం శుభ్రంగా గిన్నె అంచున పేర్చి పంపింది.

నాకు పౌరుషం వచ్చింది. ఇంకో కిలో కొన్నాను. ఈసారి నీళ్లు ఎక్కువ, చక్కెర తక్కువ. పాకం చారులా పలచగా ఉంది. చూస్తుంటే ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంది, వేళ్లు తీగ చూద్దామని లాగుతున్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ముక్కలు పైకి తేలకుండా చిన్న పళ్లెం ఒకటి వాటి మీద బోర్లించి, సన్నసెగ మీద వదిలేశాను. కొద్దిసేపటికి కత్తి మొన పెడితే ఆగకుండా దిగిపోయింది. అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ హుషారులో జాడీ వెనక నుంచి సీసా తీశాను. కళ్లు మూసుకుని గిన్నెలో వంపాను. వంపిన వెంటనే భయం వేసింది. వాసన పోవాలని మంట పెద్దది చేశాను. అది బుడబుడా మరిగింది. నారింజ వాసన వంటిల్లు నిండి, హాలు నిండి, వరండాలోకి పోయింది. కిటికీ తెరిచాను, ఫ్యాన్ వేశాను, టవల్ విసిరాను. దొంగసారా కాస్తున్నట్టే ఉంది నా పరిస్థితి.

"ఏం మరగవెడ్తున్నవే?"

తిరిగి చూస్తే వంటింటి గుమ్మంలో అత్తమ్మ. ఇన్ని వారాల్లో పిలవకుండా తనంతట తాను ఆ గది దాటి రావడం అదే మొదలు.

"ఏం లేదత్తమ్మా, నాష్‌పాతి."

"గది కాదు. గా వాసన ఏందంట?"

సీసాను వీపు వెనక్కి దాచబోయాను. ఆమె చెయ్యి చాపింది. చిన్నపిల్లలా ఇచ్చేశాను. మూత తీసి వాసన చూసింది. కళ్లు పెద్దవి చేసుకుంది. తర్వాత మరుగుతున్న గిన్నె వైపు చూసి, "మందు ఎవలన్న మరగవెడ్తరా?" అంది.

"వాసన పోతుందని..."

"వాసన పోతే ఇగ దాంట్ల ఏముంటదే? అపార్ట్‌మెంటోల్లందరు తాగిన్రు, మనకు నీల్లు మిగిలినయ్. బంద్ చెయ్యి ముందుగాల!"

పొయ్యి కట్టేశాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. గిన్నె చల్లారేదాకా పక్కనే కాపలా ఉంది, నేను మళ్లీ ఏమైనా పాడు చేస్తానేమోనని. పూర్తిగా చల్లబడ్డాక సీసా అందుకుని, పోయబోయి ఆగింది.

"సాక వొయ్యకుండ ఎట్ల?"

మందు ఏదైనా సరే, ముందు అమ్మవారికి, పోయిన పెద్దలకు నాలుగు చుక్కలు నేల మీద పోసి గాని నోట పెట్టుకోరు వాళ్ల ఇంట్లో. దాన్నే సాక అంటారు. నాలుగో అంతస్తులో నేల ఎక్కడుంది? అత్తమ్మ అటూ ఇటూ చూసి బాల్కనీలోకి నడిచింది. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో నిండా పోసిన మూత. కరివేపాకు కుండీ దగ్గర వంగి, మట్టిలో ఆ మూత వంచింది. ముందు అమ్మవారికి తల వంచి మొక్కుకుంది. తర్వాత మా మామయ్యతో మాట్లాడినట్టు అంది: "ఉన్నన్ని దినాలు ఈతకల్లు తప్ప ముట్టకపోతివి. ఇగో, బంజారా హిల్స్‌ది. జర రుచి చూడు."

"చాలు అత్తమ్మా, మామయ్యకు ఎక్కిందంటే రేపు కరివేపాకు చెట్టు పాట అందుకుంటుంది" అన్నాను నేను.

ఆమె నవ్వింది. కొంగు ఎత్తుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. నోరంతా తెరిచి, బోసి చిగుళ్లు కనబడేలా, ఎదురు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నావిడ ఆగి చూసేలా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నేనూ నవ్వాను. ఇంత సంతోషం నాకు మా పెళ్లిలో కూడా లేదు, నిజంగా.

ఇద్దరం వంటింట్లో కిందే కూర్చున్నాం. ఆమె సీసా వంచి కలిపింది, కొలతలేమీ చూడకుండా. ముక్క చెంచాతో తెంచి నోట్లో పెట్టుకుని, నాలుకతో అంగిట్లోకి నొక్కి, కళ్లు మూసుకుంది. రసం గడ్డం మీదికి కారింది. ఆమె పట్టించుకోలేదు. నేనూ గుడ్డ కోసం లేవలేదు. తర్వాత నా నోటికి ఒక ముక్క అందించింది. నా జన్మలో మొదటిసారి మందు రుచి చూసింది మా అత్తమ్మ చేత్తోనే. కాయ వెన్నలా ఉంది, మెత్తగా, చల్లగా. గొంతు దిగాక మాత్రం వెచ్చగా తగిలింది.

"మంచిగున్నదా?"

"మస్తుగుంది" అన్నాను. నా నోట ఆ మాట విని మళ్లీ నవ్వింది.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి గిన్నెలో అడుగున రెండు ముక్కలే మిగిలాయి. భోజనాల వేళ అలవాటు ప్రకారం అత్తమ్మ కంచం పట్టుకుని గది వైపు నడవబోయాను. ఆమె అప్పటికే హాల్లో, టీవీ ముందు, తన పాత చోట్లో కూర్చుని ఉంది. కంచం ఆమె ముందు పెట్టాను. తింటుంటే మెతుకులు జారి చీర మీద పడ్డాయి. మా ఆయన తల టీవీ వైపు తిరిగింది. నా చెయ్యి గుడ్డ వైపు పోబోయి ఆగింది.

"ఏంరా, అటు ఎందుకు చూస్తున్నవ్? ఇటు చూడు" అంది అత్తమ్మ. "నీకు పళ్లు రానప్పుడు మీదెంత పోసుకుంటివో నాకెర్కలేదా?"

ఆయన తల్లి వైపు తిరిగాడు. నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు. అత్తమ్మ తన చీర మీది మెతుకులు తనే ఏరి కంచం పక్కన పెట్టింది.

"పిల్లా, రేపటి సంది అన్నం జర మెత్తగ వండు" అంది. "నాకొక్కదానికి అలగ్ వండకు. అందరికి గదే."

మర్నాటి నుంచి మా ఇంట్లో అందరం మెత్తటి అన్నమే తింటున్నాం.