మావయ్య మూయని ఆర్చీ

మా ప్లాంటు టౌన్‌షిప్‌లో, మా సెక్టారు మార్కెట్ చౌక్‌లో సైకిల్ షాపు నడిపిన మావయ్య పోయిన వారం కన్నుమూశారు. మాకు చుట్టరికం లేదు. పక్క క్వార్టరులో ఉండేవారు కనుక పిల్లలమైన మా అందరికీ ఆయన మావయ్యే.

చౌక్ చుట్టూ ఉన్న ఇటుక భవనాలు ప్లాంటుతో పాటు పుట్టినవి. వాటి ముందు, ఆర్చీల కింద, ఒకే వరండా చివరిదాకా సాగేది. సైకిళ్ళపై డ్యూటీకి వెళ్ళేవారు ఎండకూ వానకూ అక్కడ ఆగేవారు. క్రమంగా కొట్లవాళ్ళు ఒక్కొక్కరూ తమ ఆర్చీని రేకులతో మూసి కొట్టు పెంచుకున్నారు. మావయ్య మూయలేదు. గాలి పంపును స్తంభానికి ఆనించి ఉంచేవారు. ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరి గాలి వారు కొట్టుకోవచ్చు. జనం ఆనుకుని ఆనుకుని ఆ స్తంభం భుజమెత్తున నున్నబడింది.

పక్క మొబైల్ షాపు యజమాని ఆటపట్టించేవాడు: "క్యా మావయ్యా, మేవంతా ముందుకొచ్చేసినాం, నువ్వింకా ఎనకే ఉండిపోనావేటి?"

"నీ రేకుల ముందు మాడిపోయినోళ్ళు నా కాడికొచ్చి నిలబడతన్నారు. నీ గిరాకీని కాపాడతన్నది నేనే భయ్యా!"

పాత కట్టడాల పరిశీలన నా వృత్తి. కొట్లవాళ్ళు ఆర్చీలు తెరిస్తే ఈ వరుసకు మరమ్మతు, లేకుంటే కూల్చివేత అని టౌన్‌షిప్ అధికారులు అన్నప్పుడు గోడలు చూడటానికి నన్ను పిలిచారు. నేను పూత గీకుతుంటే మావయ్య టార్చి పట్టుకున్నారు.

"లోపల ఇటుక బతికుందేటమ్మా?"

"గట్టిగానే ఉంది మావయ్యా."

"అయితే సరే. మనుసుల్ని నేనడుగుతాను."

అడిగారు. కొట్టుకొట్టుకూ వెళ్ళి టీ తాగి, నిదానంగా. పక్క కొట్టు చూపించి అందరూ చెప్పిన జవాబు ఒకటే: "పహలే వాళ్ళని తియ్యనీ, తరవాత నేను." ఆయన కోపగించుకోలేదు. "నడిసేవోడికి నీడ కావాల, అంతే," అని వచ్చి తన స్టూలు మీద కూర్చునేవారు.

చివరి చూపు కోసం ఆయనను ఆ ఆర్చీ కిందే ఉంచారు. మధ్యాహ్నపు ఎండ. ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దలతో ఆ కాస్త నీడా నిండిపోయింది. తక్కినవారు రేకుల ముందు తలపై తువ్వాళ్ళు వేసుకుని నిలబడ్డారు. మొబైల్ షాపు యజమాని వాళ్ళను కాసేపు చూశాడు. మావయ్య కొట్లోకి వెళ్ళి పానా తెచ్చి, తన రేకుల బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. నేనూ ఒక అంచు పట్టుకున్నాను.

మిగిలిన ఆర్చీల సంగతి ఇంకా తేలలేదు. నిన్న సాయంత్రం అటు వెళ్ళాను. రెండు ఆర్చీల నీడలు నేల మీద ఆనుకుని ఉన్నాయి. వాటి మధ్య స్తంభం దగ్గర, షిఫ్టుకు వెళ్తున్న ఒకాయన వంగి తన సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాడు.