బస్సులో కలిసిన పల్లవి

ఇరవై ఏళ్ల కింద, గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో, సీఫ్ మాల్‌లో డ్యూటీ దిగి సనాబిస్‌లోని మా గదికి పోయే బస్సెక్కాను. పక్కసీటులో స్కాట్లాండ్ ముసలామె తన ఊరి పాటొకటి పాడుకుంటోంది. చేపలవేటకెళ్లిన అన్న శవమై తేలిన కథట. ప్రతి పాదం చివరా మాత్రం ఏవో పూల పేర్లు. మా బతుకమ్మ పాటలాగే తోచి, అక్కడల్లా నేను "ఉయ్యాలో" అన్నాను. ఆమె నవ్వి, తనూ అంది.

"ఇంత దుఃఖంలో ఏడుపే లేదేమమ్మా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

"జరిగింది చెప్పడమే పాడేవాళ్ల పని. ఏడుపు వినేవాళ్లది."

ఆ ఏటి బతుకమ్మకు మా గదిలో, చెరువులో మునిగిపోయిన మా తమ్ముడి కథ మొదటిసారి పాడాను. పల్లవి అందుకోవాల్సిన ఆడవాళ్లు కొంగులు నోట కుక్కుకున్నారు.

"ఏడ్వకుండ్రి," అన్నాను. "ఉయ్యాలో అనుండ్రి. కథ ఇంక ఉన్నది."