మట్టి గోడ, నీలగిరి చెట్లు

నాలుగేళ్ళ కిందటి వానాకాలం. మొయినాబాద్ మండలంలో ఉద్యాన అధికారిగా ఉన్నాను. చిన్న మంగళారంలో సాయవ్వ తన అరెకరం వంకాయ తోట చూడమని పిలిచింది. పక్కనే పట్నం ఆయన ఫామ్‌హౌస్, హద్దు పొడవునా నీలగిరి చెట్లు. వాటి దగ్గరి నాలుగు సాళ్ళు వాడిపోయాయి.

"ఈ చెట్లు నీళ్ళన్ని గుంజుతున్నయి బిడ్డా. పంట పోతే గీ అరెకరం గూడ ఆయనకే అమ్ముకోవాలె," అంది.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా వెళ్ళి ఆయనతో గొడవపడ్డాను.

"చెట్లు కొట్టిస్త మేడమ్," అన్నాడు నవ్వుతూ. "కానీ అవ్వ పాత కొట్టం మట్టి గోడ హద్దు మీదున్నది. అది తీసేస్తే నా కాంపౌండ్ సీదా వస్తది."

సీదా కోసమట! అయినా చెట్లు పోతే చాలనుకున్నాను. అవ్వ ఒప్పుకోలేదు. "ఆ గోడ బొక్కలల్ల నీలి చారల ఈగలుంటయి. ఎవల్నీ కుట్టయి. ఉండనియ్యి బిడ్డా."

"ఈగల కోసం పంట పోగొట్టుకుంటావా?" అని కసిరాను. ఆఫీసరమ్మను కదా, నా మాటే చెల్లింది. చెట్లూ పోయాయి, గోడా పోయింది.

తర్వాతి పంటకు పూత విరగబూసింది. కాయ మాత్రం పట్టలేదు. ఒక పువ్వు కోసి గోటితో మీటితే పుప్పొడి రాలింది. పుప్పొడి ఉంది, దాన్ని రాల్చేవే లేవు. వంకాయ పువ్వు పుప్పొడిని గొట్టాల్లో దాచుకుంటుంది. తేనెటీగ పువ్వును పట్టుకుని గట్టిగా అదిరిస్తేనే అది బాగా రాలుతుంది. దీన్ని బజ్ పాలినేషన్ అంటారు. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఇది చేతకాదు. నీలి చారలదానికి వచ్చు. అది ఒంటరి తేనెటీగ. పట్టు పెట్టదు, మెత్తటి మట్టిలో తన బొక్క తానే తొలుచుకుంటుంది. నేను కూల్పించిన గోడే వాటి ఇల్లు. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే! సిగ్గులేని చదువు.

నీలగిరి తిన్నది నాలుగు సాళ్ళు. నేను తోట మొత్తం తినేశాను.

ఆ ఎండాకాలమే అవ్వ పొలం పట్నం ఆయనకే అమ్మేసింది. క్షమించమని అడగడానికి వెళ్ళాను. నరికిన నీలగిరి మోళ్ళు అప్పటికే మనిషెత్తు చిగుళ్ళు వేశాయి. అవ్వ వాటినే చూపించింది.

"కొట్టిచ్చిన చెట్లు మళ్ళ మొలిచినయి బిడ్డా. నా గోడ మొలుస్తదా?"

ఇప్పుడు ఏ చేనుకు వెళ్ళినా, అక్కడ ఏమేం బతుకుతున్నాయో ఆ చేను మనిషిని అడిగాకే నోరు తెరుస్తాను. అవ్వ మాత్రం అదే ఫామ్‌హౌస్‌లో కూలికి గడ్డి పీకుతోంది.