కొన్న బియ్యం

మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సుల నా పక్కన ఒకామె కూసున్నది. నా ఈడుదే. ఒళ్లె పది కిలోల బియ్యం సంచి. బస్సు ఊగినప్పుడల్లా దాన్ని రెండు చేతులతోని అదిమి పట్టుకుంటున్నది.

నాకు నోరు ఊకోదు. "కిలో ఎంతకిచ్చిండ్రు?" అని అడిగిన.

"నేను అడగలే అక్కా. దుకాణమాయన చెప్పినంత ఇచ్చిన."

"ధర అడగకుంట కొంటరా ఎవలన్న? పైసలు ఎక్కువైనయా?" అని కసిరిన.

ఆమె చిన్నబోయింది. "వడ్లు అమ్మే ధర ఎరుకనే గని, బియ్యం కొనే ధర నాకేమెరుక? పుట్టి బుద్ధెరిగినంక కొనుడు ఇదే మొదలు. రోడ్డు పడ్డంక పొలం ధర పెరిగింది, వడ్ల ధర ఉన్నకాడనే ఉండె. ఇరవై పంటలు తీసినా ఇంత రాదని మా కొడుకులు అమ్మిపిచ్చిండ్రు. ఇప్పుడు మా మడిల ప్లాట్ల రాళ్లు పాతిండ్రు."

సంచి మూతి విప్పి, నాలుగు గింజలు పంటికింద ఏసుకొని కొరికింది. వడ్లు ఎండినయా లేదా అని కల్లంల మేమందరం అట్లనే చూస్తం.

"మంచిగనే ఎండబెట్టిండ్రు, ఎవలోగని" అన్నది.



మాకూ రోడ్డు పక్కన ఎకరమున్నది. దానికోసం తిరిగే బ్రోకరుకు ఆ వారమే సరే అందామనుకున్న. ఆయన వస్తే, కోతలయినంక రమ్మన్న. అటెన్క నాలుగు కోతలయినయి. వచ్చినప్పుడల్లా అదే మాట చెప్తున్న.