చాందా మేకకు నా తెలుగు

రాష్ట్రాల హద్దులు మారుతున్న రోజుల్లో పనిమీద తెనాలి నుంచి మరాఠీ సీమలోని చాందా వెళ్లాను. బజారులో ఒక కిరాణా దుకాణం కనిపించింది. బోర్డు మరాఠీలో ఉంది, గల్లా దగ్గర కూర్చున్న ముసలావిడ చీరకట్టూ మరాఠీదే. నేను తంటాలుపడి హిందీలో బెల్లం అడిగితే, ఆవిడ లోపలికి తిరిగి కోడల్ని తెలుగులో కేకేసింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "మీరు తెలుగువారా అమ్మా! ఎంత సంతోషంగా ఉందో!" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "గిట్ల మాట్లాడెటోళ్లు నిజంగ ఉంటరా బిడ్డా? గిది రేడియోల వార్తల కోసం తయారు జేసిన భాష అనుకున్న. మరి గీ భాషల తిట్లు ఎట్ల తిడ్తరు?"

నాకు పౌరుషం వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక మేక వచ్చి శనగల బస్తాలో మూతి పెట్టింది.

"దాన్ని తిట్టు, సూస్త," అంది ఆవిడ.

"ఏమిటిది? బుద్ధి లేదూ? పో అవతలికి!" అని గొంతు చించుకుని అరిచాను.

మేక తలెత్తి, నములుతూనే నావైపు శ్రద్ధగా చూసింది.

"హట్!" అంది ఆవిడ కూర్చున్నచోటి నుంచే. మేక వీధి చివర తేలింది.

నా ముఖం చూసి ఆవిడకు జాలేసింది. "మంచిగనే ఇన్నది బిడ్డా. పాపం, మేక సుత వార్తలే అనుకున్నది."