ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ డబ్బా

మంగళవారం పొద్దున, నేను పనిచేసే డాక్టరు క్లినిక్ రిసెప్షన్‌లో ఇంకా కోటు కూడా విప్పకముందే పక్కింటి ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ వెళ్లిపోయారమ్మా" అన్నారు. ఇద్దరం ఫోన్ పెట్టలేదు. ఏడుస్తూ అలాగే నిలబడిపోయాను. ఇంగ్లండ్‌లో, ఈ లీడ్స్‌లో నా అనేవాళ్లు ఎవరూ లేనప్పుడు గోడ అవతల దొరికిన పెద్దదిక్కు ఆయన. ఇప్పుడు ఆ గోడ అవతల దగ్గు కూడా వినపడదు.

అంకుల్‌ది తెనాలి వైపు. ఇక్కడ ఓ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం ఇళ్ల వెనక పార్కులో పిల్లలెవరో బ్యాట్లు పట్టుకుని కనిపిస్తే క్రికెట్ అనుకుని వెళ్లారు. తీరా అది బేస్‌బాల్. తెలిశాక కూడా వెనక్కి రాలేదు. చివరికి ఆ పిల్లల టీంకి కోచ్ అయి కూర్చున్నారు, మా అమ్మాయినీ లాక్కెళ్లారు.

నాకేమో ఆ ఆట ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. "ఏముందమ్మా, బంతిని కొట్టి, మూడు బేస్‌లు తాకి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. వస్తే ఒక పరుగు. అంతే" అనేవారు. ఆఖర్న పరుగులు సమానమైతే ఇంకో ఇన్నింగ్స్. అప్పటికీ తేలకపోతే మరొకటి. ఆ ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ అంటే ఆయనకు ప్రాణం.

మామూలుగా ఆట అయీ అవగానే తల్లిదండ్రులందరం కారు తాళాలు బయటికి తీసేవాళ్లం. స్కోరు సమానమైన రోజు మాత్రం ఎవరూ కదిలేవారు కాదు. అవతలి టీం వాళ్లూ కుర్చీలు దగ్గరకు జరుపుకునేవారు. అప్పుడు ఆంటీ రెండో డబ్బా మూత తీసేవారు. మొదటి డబ్బాలో ఏమైనా ఉండొచ్చు, రెండో దాంట్లో ఎప్పుడూ చేగోడీలే. అవి ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి మాత్రమే.

పిల్లలు ఊరుకుంటారా? ఒకసారి మేం గెలిచేస్తున్నాం అనగా మా అమ్మాయి చేతిలోకి వచ్చిన క్యాచ్‌ని కావాలనే వదిలేసింది. స్కోరు సమానమైంది. అంతా డబ్బా మీదికి రాబోతే అంకుల్ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇది టై కాదురా. మీరు పారేసుకున్న ఆట" అన్నారు.

"బట్ అంకుల్, చేగోడీస్!" అంది మా అమ్మాయి.

ఆయన నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నారు. డబ్బా మాత్రం ఇవ్వలేదు. సాయంత్రం మా తలుపు తట్టి, ఒక ప్లేటు నిండా చేగోడీలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఈ ఏడాది మొదట్లో, పోటీలు నడిపే లీగ్ వాళ్లు కొత్త రూల్ తెస్తామన్నారు. స్కోరు సమానమైతే, ఆ పైన ప్రతి ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్ టీంలో ఒకరిని ముందే సగం దారిలో, రెండో బేస్ మీద నిలబెడతారట. పరుగు తొందరగా వస్తుంది, అందరూ తొందరగా ఇళ్లకు పోవచ్చు. మీటింగ్‌లో అంకుల్ లేచి ఇంగ్లిష్‌లో అడిగిందే, తిరిగొస్తూ కారులో మళ్లీ నాకు తెలుగులో చెప్పారు.

"ఆ పిల్ల రెండో బేస్‌కి ఎలా వచ్చిందమ్మా? కొట్టి వచ్చిందా, పరిగెత్తి వచ్చిందా? బంతి విసిరేవాళ్ల భుజాలు నొప్పెడతాయంటున్నారు, నిజమే. పార్కు టైమైపోతుందంటున్నారు, అదీ నిజమే. అట్లాగైతే సమానం అనుకుని, చేతులు కలుపుకుని పోదాం. సమానంగా ఆడటం తప్పేం కాదుగా? ఎవరో ఒకరు గెలిచి తీరాలని, ఎవరూ సంపాదించనిది చేతిలో పెట్టడం దేనికి?"

లీగ్ వాళ్లు మర్యాదగా విని, ఈ సీజన్‌కి ప్రయత్నించి చూద్దామన్నారు. అంకుల్ చాలా నొచ్చుకున్నారు. సీజన్ మొదలవకముందే ఆస్పత్రిలో చేరారు.

చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆయన చెయ్యి పట్టుకుని, "ఇంకో ఇన్నింగ్స్ ఆడాలి అంకుల్" అన్నాను.

"ఆడతాలే అమ్మా. నన్ను మాత్రం రెండో బేస్ మీద నిలబెట్టొద్దని చెప్పు" అన్నారు. నేను నవ్వాను, ఆయనా నవ్వారు. అదే ఆఖరి మాట అని తెలిస్తే ఆ చెయ్యి వదిలేదాన్ని కాదు.

ఆయన పోయాక, మొన్న ఆదివారం మొదటి మ్యాచ్. రారేమో అనుకున్న ఆంటీ రెండు డబ్బాలతో వచ్చి నా కారెక్కారు. ఆయన కుర్చీ కూడా తెచ్చి, పక్కన వేసుకుని కూర్చున్నారు. విచిత్రంగా ఆట సమానమైంది. ఆంటీ రెండో డబ్బా ఒళ్లోకి తీసుకున్నారు.

కొత్త రూల్ ప్రకారం అవతలి టీంకి రెండో బేస్ మీద మనిషినిచ్చారు. అయినా వాళ్లకు పరుగు రాలేదు. మా వంతులో మా అమ్మాయిని నిలబెట్టారు. అది తల వంచుకుని నిలబడింది. మొదటి బంతినే మావాళ్లలో ఒకరు గట్టిగా కొట్టారు, మా అమ్మాయి పరిగెత్తుకొచ్చేసింది. గెలిచాం. అందరూ కుర్చీలు మడుస్తున్నారు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నారు ఆంటీ, మూత మీద చెయ్యి వేసి. "ఆయన ఆట అయితే ఇంకా ఇక్కడే ఉండేవాళ్లం కదమ్మా."

మా అమ్మాయి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "డోంట్ ఓపెన్ ఇట్, ఆంటీ. ఐ డిడింట్ ఎర్న్ ఇట్" అంది, వెక్కుతూ.

ముగ్గురం ఇంటికి బయల్దేరాం. స్పీడ్ బంప్ వచ్చినప్పుడల్లా ఆంటీ ఒళ్లో, మూత తీయని డబ్బాలో, చేగోడీలు గలగలమన్నాయి.