సార్ అడిగిన ఒక్క గంట

మా సార్ పోయారు. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, ఇక్కడ గల్ఫ్‌లో, సజ్జాలోని మా లేబర్ క్యాంపు వెనక గోడ దగ్గర, కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గుండె ఆగిందని ఆసుపత్రివాళ్లు కాగితం ఇచ్చారు. నాకు ఇప్పటికీ ఏడుపు రాలేదు. రోజూ కంపెనీ స్టోర్‌కు పనికి పోతున్నాను. వచ్చిన సరుకు, పోయిన సరుకు పుస్తకంలో ఎక్కిస్తున్నాను.

నాకు బడిలో చెప్పిన సార్ కాదాయన. నా బడి తొమ్మిదో తరగతితోనే అయిపోయింది, తర్వాత చదివిందంతా నాకు నేనుగా చదివిందే. ఆయన జగిత్యాల వైపు ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. కాలేజీ మూతపడితే ఇక్కడికొచ్చి మా కంపెనీలో హాజరు రాసే పనిలో చేరారు. గదిలో ఆరుగురం. కింది మంచం ఆయనది, పై మంచం నాది.

2020లో కరోనాకు క్యాంపు గేటు మూశారు. చేయడానికేమీ లేక, ఏదైనా పాఠం చెప్పమని సార్‌ను అడిగాను.

"ఏం జెప్పమంటవు తమ్మీ?"

"మీకు బాగ ఇష్టమైంది చెప్పుండ్రి."

ఆయన ట్రాన్సెండెంటలిజం చెప్పారు. ఆ మాట పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది. దాదాపు రెండు వందల ఏళ్ల కింద అమెరికాలో కొందరు రచయితల ఆలోచన అది. సత్యం తెలియడానికి మధ్యలో పాదిరీ అక్కర్లేదు, మనిషిలోనూ చెట్టులోనూ నీటిలోనూ ఉన్నది ఒకటే, కాసేపు ఒంటరిగా ఉంటే అది లోపలి నుంచే తెలుస్తుంది అన్నారట. మన వేదాంతం పుస్తకాలు ఓడలెక్కి వాళ్ల దాకా పోయాయట. అంతకుముందు ఆ దేశంవాళ్లు ఇంగ్లండును చూసి రాసేవాళ్లని, తమ కళ్లతో చూసి రాయమన్నది వీళ్లేనని సార్ చెప్పారు.

"తర్వాత కొందరు వీళ్లను నమ్మి రాసిండ్రు. కొందరు వీళ్లతోని కొట్లాడి రాసిండ్రు, మనిషి లోపట దేవుడే ఉంటడా, చీకటి ఉండదా అని. ఇద్దర్ని కలిపి చదివితెనే ఆ సాహిత్యం సమజైతది" అనేవారు.

వాళ్లలో ఒకాయన అడవిలో చిన్న గుడిసె వేసుకుని రెండేళ్లు ఒక్కడే ఉన్నాడని చెప్పిన రోజు, మా గదిలోని ప్లంబర్ అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఒక్కడే? మరి బువ్వెట్ల సార్?"

"అప్పుడప్పుడు అమ్మోళ్లింటికి వొయ్యి తినొచ్చేటోడు. దగ్గర్నే."

"గట్ల జెప్పుండ్రి. అమ్మిల్లు పక్కకుంటె నేను గూడ ఉంట అడివిల."

అందరికన్నా ఎక్కువ నవ్వింది సారే.

గేటు తెరిచాక సార్ సెలవుండే శుక్రవారాలు వెనక గోడ దగ్గరికి పోయి కూర్చోవడం మొదలుపెట్టారు. క్యాంపులో ఒంటరిగా కూర్చున్న మనిషిని ఎవరూ అలా వదిలేయరు. ఇంటి నుంచి చెడ్డ ఫోనేదో వచ్చిందనుకుంటారు. ఎవరో ఒకరు చాయ్ పట్టుకుపోయి పక్కన కూర్చుంటారు. సార్ దగ్గరికీ అలాగే పోయేవాళ్లు. "నాకేం కాలేదురా అయ్యా" అంటూనే ఆయన చాయ్ తాగేవారు. ఒక్కోసారి గంటలో నాలుగు చాయ్‌లు.

ఒకరోజు నాతో అన్నారు: "తమ్మీ, ఈడికొచ్చినంక నేను ఒక్కన్నే ఉన్న గంట ఒక్కటి లేదు. ఒక్క గంట ఇప్పియ్యి."

గదిలో అందరికీ చెప్పాను, ఆ గంట ఎవరూ పోవద్దని. "మనిషిని ఒక్కన్ని ఇడ్సుడు మంచిగుండదే" అన్నాడు ప్లంబర్ అన్న. నేను వినలేదు. అప్పటి నుంచి ఎవరూ పోలేదు. సార్ గంట కాగానే వచ్చి బట్టలు ఉతుక్కునేవారు. ఏం కనబడింది సార్ అని ఒకసారి అడిగాను. "కనబడాల్నని కూసుంటె ఏం కనబడదు" అన్నారు.

పోయిన నెల ఆ శుక్రవారం గంట దాటినా రాలేదు. ఆయన గంట ఆయనదని ఇంకో అరగంట ఆగాను. అప్పుడు పోయి చూశాను. ముందే పోయి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. నేను అడగలేదు.

సాయంత్రం సార్ భార్య ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తే ముందు ప్లంబర్ అన్న నా చేయి పట్టుకున్నాడు. "అందరం పక్కకే ఉన్నం, నోట్లె నీళ్లు వోసినం అని చెప్పు. ఆమెకు జర నిమ్మలముంటది." అలాగే చెబుదామనుకున్నాను.

"ఆఖర్ల పక్కకెవరున్నరు తమ్మీ?" అని అడిగింది.

"ఎవ్వరు లేరక్కా. ఒక్కరే ఉన్నరు. గంటసేపు ఒక్కన్నే ఉంటనని సార్ అడిగిండ్రు. నేనే ఎవల్ని పోనియ్యలే."

ప్లంబర్ అన్న తల అవతలికి తిప్పుకున్నాడు.

"ఎట్ల కూసున్నరు?" అంది.

"గోడకు ఒరిగి. చెప్పులు ఇడిసి పక్కకు వెట్టుకున్నరు. కాళ్లు ఇసుకల ఉన్నయి."

"ఇసుక కాలుతుండెనా?"

"లేదక్కా. సలికాలం గదా. సల్లగనే ఉండె."

ఆమె ఇంకేమీ అడగలేదు, ఫోనూ పెట్టలేదు. నేనూ పట్టుకునే ఉన్నాను. పొద్దున ఆయన్ని అక్కడి నుంచి ఎత్తినప్పుడు కాళ్లున్న చోట రెండు గుంటలు పడ్డాయి. వాటిలోకి చుట్టూ ఉన్న ఇసుక మెల్లగా, చప్పుడు లేకుండా జారుతూ ఉంది. అది మాత్రం ఆమెకు చెప్పలేదు.